ఒకటో నంబరు కొట్టం

సోమవారం పొద్దున పశువ్యాధుల ప్రయోగశాలలో పెద్ద డీప్ ఫ్రీజరు మూలగడం మొదలుపెట్టింది. అది పదిహేనేళ్ళుగా మూలుగుతూనే ఉంది గానీ, ఈసారి మూలుగులో వీలునామా రాయించే ధోరణి వినిపించింది. మెకానిక్ వచ్చి, తలుపు తీసి, లోపలికి తొంగి చూసి, "సామాను ఖాళీ చేసుకోండి, సాయంత్రం దాకా కూడా నేను హామీ ఇవ్వలేను," అన్నాడు. అందులో ఉన్నవి కూరగాయలు కావని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఖాళీ చేసే పని చెట్లావిడ మీద పడింది. ఆమెకి ఆ పేరు మొక్కలు పెంచడం వల్ల రాలేదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క మనీప్లాంటు కూడా అత్తగారి దయవల్ల బతుకుతోంది. పశువులకి జబ్బు తెచ్చే సూక్ష్మజీవుల వంశవృక్షాలు గీయడం ఆమె ఉద్యోగం. ఏ మందలో దొరికిన క్రిమి ఏ మందలోని క్రిమికి అక్క, ఏది చెల్లెలు, ఏది ఎన్ని తరాల కిందట వేరుపడిన దాయాది అన్నది ఆమె కంప్యూటరు ముందు కూర్చుని తేలుస్తుంది. సొంత ఆడపడుచు పిల్లల పేర్లు మాత్రం తడబడుతుంది.

మందపాటి తొడుగులు వేసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, ప్లాస్టిక్ పలకతో కింది అరలోని మంచు గీకసాగింది. ఏళ్ళ తరబడి పేరుకున్న మంచు రాయికి తీసిపోలేదు. రెండు గంటలు గీకాక ఒక నీలం అట్టపెట్టె మూల బయటపడింది. ఆమె చెయ్యి ఆగింది.

ఆ పెట్టె అక్కడ ఉందని ఆమెకు తెలుసు. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఇదే మంచు ముందు ఇలాగే కూర్చుని, గడియారం చూసుకుని, లేచి వెళ్ళిపోయింది.

అప్పుడు ఊరి చివర పాడి సందులో, ఏడు కొట్టాల్లో, చూడి ఆవులు నెలలు నిండకుండానే దూడల్ని పడేశాయి. ఏడు కొట్టాల నుంచీ ఏడు నమూనాలు వచ్చాయి. ఏడింటి మధ్య ఎవరు ఎవరికి దగ్గరో చెట్టు గీయడం కష్టమేం కాలేదు. కానీ చెట్టు గీయడం వేరు, దాని వేరు ఎక్కడుందో చెప్పడం వేరు. ఏడుగురు అక్కచెల్లెళ్ళ ఫొటో చూసి పోలికలు చెప్పగలం గానీ, ఆ ముక్కు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పాలంటే వాళ్ళకన్నా పాత మనిషి, ఆ ఇంటికి కాస్త దూరపు మనిషి, పక్కన ఒకరు కావాలి. ఆ దూరపు మనిషి ఈ నీలం పెట్టెలో ఉంది: ఎక్కడో దూరపు మందలో ఎప్పుడో దొరికిన క్రిమి, చంపి దాచిన దాని డీఎన్ఏ. దాన్ని తవ్వి తీయడానికి సగం రోజు కావాలి. నివేదిక నాలుగింటికి వెళ్ళాలి.

ఆమె ఏడింటితోనే గీసింది. వేరు ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి ఒకటో నంబరు దగ్గర పెట్టి, కింద పెన్సిలుతో 'ప్రస్తుతానికి' అని రాసింది. పెన్సిలు రాతలు సాఫు ప్రతుల్లోకి రావు. నివేదికలో 'మూలం: ఒకటో నంబరు కొట్టం' అని వెళ్ళింది.

ఒకటో నంబరు ఎందుకు ఒకటో నంబరంటే, ఆ కొట్టం ఆవిడ అందరికన్నా ముందు ఫోన్ చేసింది కాబట్టి.

మిగతా కొట్టాల్లో జబ్బు తేలిన ఆవుల్నే చంపడానికి తీసుకెళ్ళారు. మూలం అనిపించుకున్న కొట్టంలో మాత్రం అన్నింటినీ, పద్నాలుగింటినీ. ఆ రోజు చెవి బిళ్ళల నంబర్లు సరిచూడటానికి చెట్లావిడ లారీ పక్కన నిలబడింది. పలుపులు కొట్టం ఆవిడే విప్పింది. ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచి, లారీ బల్ల ఎక్కించింది. పేరు పిలిస్తే అవి వచ్చాయి. ఆ పేర్లు ఇప్పటికీ నమూనాలు తిప్పే యంత్రం చప్పుడులో చెట్లావిడకి వినిపిస్తాయి. యంత్రం వేగం అందుకునేటప్పుడు కాదు, ఆగిపోబోయేటప్పుడు.

ఆమె నీలం పెట్టె తెరిచి, చిటికెన వేలంత గొట్టాన్ని గుప్పిట్లో పెట్టుకుని కరిగించింది. ఎవరూ చెప్పకుండానే దాన్ని డీఎన్ఏ అక్షరాలు చదివే యంత్రానికి ఎక్కించింది. బుధవారానికి తేలుతుంది.

*

మంగళవారం సాయంత్రం ఆమె ఇల్లు చేరేసరికి అత్తగారు ముందుగదిలో ఊలు ఉండలు చుట్టూ పేర్చుకుని కోపంగా ఉన్నారు. కాలనీలో ముగ్గురు ఆడవాళ్ళకి ఆవిడ స్వెటరు అల్లిక నేర్పుతున్నారు. ముగ్గురూ ఆవిడ రాసిచ్చిన ఆకుల నమూనా ఒకరి కాగితం చూసి ఒకరు ఎక్కించుకున్నారు. ముగ్గురి స్వెటర్లకీ భుజం దగ్గర, సరిగ్గా ఒకే చోట, వేలు దూరేంత కన్నం.

"ఇవాళ ఆ మూడో అంతస్తు పిల్లని కడిగేశాను," అన్నారు అత్తగారు.

"ఏం చేసింది అత్తయ్యా?"

"అదేగా తప్పు రాసుకుని మిగతా ఇద్దరికీ అంటించింది."

"ఆ అమ్మాయే అని ఎలా తెలిసింది?"

"ముందొచ్చి కన్నం ఉందని చెప్పింది అదే."

చెట్లావిడ చెప్పు విప్పబోతూ, ఒంటి కాలి మీద అలాగే ఉండిపోయింది.

"ఏమిటమ్మాయ్, కొంగలా ఆ నిలబడటం?"

ఆమె వచ్చి నేల మీద కూర్చుంది. కూర్చుని, లోపల రెండేళ్ళుగా ఉన్నది చెప్పింది. మంచు, నాలుగు గంటలు, పెన్సిలు, లారీ. అత్తగారు సూదులు ఆపకుండా విన్నారు. వింటూ ఒక వరస తప్పుగా అల్లి, విప్పేశారు.

"అయితే ఎవరిది ముందో తెలియాలంటే ఇంకా పాతది ఒకటి కావాలన్నమాట," అన్నారు ఆఖరికి.

"అంతే."

అత్తగారు లేచి, బీరువా పై అర వెతికి, కొడుకు మూడో ఏట తొడిగిన, అదే ఆకుల నమూనా స్వెటరు తీసుకొచ్చారు. భుజం మీద వేలు పెట్టి వెతికారు. కన్నం లేదు. తర్వాత తను రాసిచ్చిన కాగితం కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఐదో వరసలో రెండు కుట్లు తక్కువ.

"నాదే," అన్నారు.

"రేపు ఆ అమ్మాయికి చెప్తారా?"

"చెప్పాలంటావా? స్వెటరేగా." కాసేపు ఊలు ఉండ దొర్లించారు. "నీవి ఆవులు కదా. నీకు తప్పదు." ఇంకాసేపటికి, "సరే, నేనూ చెప్తాలే. పొద్దున్నే వెళ్ళి మొహం చూపించడమంటే తలనొప్పి గానీ," అని స్వెటరు మడత పెట్టారు.

*

బుధవారం పదకొండింటికి కంప్యూటరు చెట్టుని మళ్ళీ గీసింది. చెట్లావిడ తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో ఫలితం వచ్చే గదిలో కూర్చున్నట్టు కూర్చుంది.

దూరపు మనిషి పక్కన నిలబడగానే ఏడుగురూ వరస మార్చుకున్నారు. కొమ్మలేవీ మారలేదు, ఎవరు ఎవరికి దగ్గరో అన్నది రెండేళ్ళ కిందట గీసినట్టే ఉంది. వేరు మాత్రం అటు చివర నుంచి ఇటు చివరకి వచ్చింది. ఐదో నంబరు మొదట్లో నిలిచింది. ఒకటో నంబరు అన్నింటికన్నా చివరి రెమ్మ మీద, నకలయ్యేటప్పుడు దొర్లిన అందరి తప్పుల్నీ మోస్తూ, పైన తనది ఇంకొకటి వేసుకుని వేలాడుతోంది. జబ్బు అందరికన్నా ఆఖరున చేరిన కొట్టం అది.

ఆమె లెక్క రెండుసార్లు చేసింది. మూడోసారి వేరే పద్ధతిలో చేసింది. తర్వాత కాగితం తీసుకుని పెద్దాయన గదికి వెళ్ళింది.

పెద్దాయన ప్రయోగశాలకి అధిపతి. ఇంకో నాలుగు నెలల్లో పదవీ విరమణ. కుర్చీ ఎక్కి, గోడ మీద ఒక ఫ్రేము సరిచేస్తున్నాడు. 'ఊరి పాడి మందల్లో రెండేళ్ళుగా ఒక్క కేసూ లేదు' అని అందులో ఉంది. కింద తన సంతకం.

"వంకరగా ఉందా?" అన్నాడు.

"ఎడమవైపు కొంచెం దిగింది సార్."

సరిచేసి, దిగి, కాగితం చూశాడు. చాలాసేపు చూశాడు. చెట్లు చదవడం ఆమెకు నేర్పింది ఆయనే.

"ఐదు ఎవరు?"

"ఒకటి పక్క కొట్టమే. మీసాలాయనది. అప్పట్లో అందరినీ కూడగట్టి అర్జీ పెట్టాడు చూడండి, ఆవిడ వల్లే సందంతా పాడైందని."

"ఊఁ." కాగితం తిప్పి, వెనక ఏమన్నా ఉందేమో అన్నట్టు చూశాడు. "ఇప్పుడు ఏం చేద్దామని? చచ్చిపోయిన ఆవులకి శుభవార్త చెప్తావా?"

"ఆవిడ బతికే ఉంది సార్."

"ఎవరూ అడగలేదు కదమ్మా."

"లేదండి."

"అయిదుని పట్టుకుంటే, వాడెక్కడ కొన్నాడో, వాడికి అమ్మినవాడెవడో... చెట్టుకి చివరుంటుంది గానీ మొదలుంటుందా? వేరు కింద ఇంకో వేరు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సవరణ రాస్తే కింద ఎవరి పేరు వేస్తావు?"

"నాదే. గీసింది నేనే కదా."

"సంతకం పెట్టింది నేను." ఆ మాట ఆయన ఆమెతో అన్నట్టు లేదు. కాగితం మడిచి, ఇవ్వబోయి, మళ్ళీ విప్పి తన సొరుగులో పెట్టుకున్నాడు. "ఇంకో ప్రతి తీసుకుని వెళ్ళు. నేను వెళ్ళమనలేదు, వద్దనలేదు. అడిగితే ఆ టైములో ఫ్రేము సరిచేస్తున్నా."

*

గురువారం ఆమె సగం రోజు సెలవు పెట్టింది. ఉత్త చేతులతో వెళ్ళడానికి మొహం చెల్లక, నమూనాలు తీసే సంచీ భుజాన వేసుకుంది. తొడుగులు, సూదులు, గొట్టాలు, ఖాళీ చీటీలు అన్నీ అందులో ఉన్నాయి. సందు మొదట్లో బస్సు దిగాక మాట్లాడాల్సింది నాలుగు రకాలుగా అనుకుంది. నాలుగూ బాగానే ఉన్నాయి. అన్నింటిలోనూ ఆవిడ చివర్లో ఏడ్చి, చేతులు పట్టుకుంటోంది.

ఒకటో నంబరు కొట్టం గుమ్మంలో వెడల్పాటి రేకు తొట్టె ఉంది. అందులో మందు కలిపిన ఊదారంగు నీళ్ళు, ఆ పొద్దున కలిపినవే. జబ్బు రోజుల్లో కాళ్ళు ముంచి లోపలికి రమ్మని ప్రతి గుమ్మంలోనూ పెట్టించారు. మిగతా గుమ్మాల్లో ఎప్పుడో తీసేశారు.

చెట్లావిడ అలవాటుగా బూట్లు ముంచి లోపలికి వెళ్ళింది.

ఆవుల్ని కట్టే గాట్లు పద్నాలుగున్నాయి. ఒక్కొక్క గాట్లో ఒకదాని మీద ఒకటి పేర్చిన తెల్లటి ప్లాస్టిక్ కుర్చీలు, మొహాలు మేత తొట్టెల వైపు తిప్పుకుని నిలబడి ఉన్నాయి. గచ్చు కడిగి ఉంది. కొట్టం ఆవిడ ఒక కుర్చీని తడిగుడ్డతో తుడుస్తోంది. వచ్చింది ఎవరో చూసి, తుడవడం ఆపలేదు.

"అద్దెకిస్తాను. ఫంక్షన్లకి," అంది. "వీటికీ నాలుగు కాళ్ళే. మేత అడగవు. కూర్చోండి, ఎంత కావాలంటే అంత ఎత్తులో కూర్చోవచ్చు."

"గుర్తున్నానా అండీ?"

"చెవి బిళ్ళలు చదివారు మీరు. తొమ్మిదోదాని నంబరు కనపడకపోతే మీ చేతిరుమాలుతో తుడిచారు."

చెట్లావిడకి ఆ సంగతి గుర్తులేదు. అనుకున్న నాలుగు రకాల్లో ఏదీ నోటికి రాలేదు. "గుమ్మంలో ఆ తొట్టె ఎవరి కోసం?" అని అడిగింది.

"నా కోసమే. లోపలికొచ్చేటప్పుడు కాదు, బయటికెళ్ళేటప్పుడు ముంచుతా. ఈ గచ్చులో ఇంకా ఏమన్నా ఉండి, నా కాళ్ళకంటుకుని, ఇంకొకళ్ళ ఆవుకి పోతే?" కుర్చీ తిరగేసి కాళ్ళు తుడిచింది. "రోడ్డు మీద ఆవు ఎదురొస్తే అటు పక్కకి వెళ్ళిపోతాను. అవి నా వంక చూస్తాయి. వాటికి తెలియదుగా."

చెట్లావిడ కాగితం తీసింది. చెట్టు చూపించింది. నిలబడే చెప్పింది, తడుముకుంటూ చెప్పింది: ఈ కొమ్మ మీది, ఇది చివరిది, జబ్బు మీ కొట్టం నుంచి ఎక్కడికీ పోలేదు, మీ కొట్టానికే వచ్చింది, అందరికన్నా ఆఖరున వచ్చింది. మీ తప్పు కాదు.

ఆవిడ గుడ్డ పిండి, కుర్చీ వీపు మీద ఆరేసింది.

"మొదటి చెట్టు ఎవరు గీశారు?"

"నేనే."

"ఇది?"

"ఇదీ నేనే."

"మూడోసారి గీస్తే ఏమంటారో," అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అంది. తర్వాత, "నేను ఫోన్ చేయకపోయుంటే?"

"ఇంకెవరికో ఒకటో నంబరు పడేది."

"అంతేనా?"

"అంతే."

ఆవిడ తల ఊపింది. చాలాకాలంగా పోయిందనుకున్న వస్తువు ఇంట్లోనే, ఎందుకూ పనికిరాని చోట దొరికినట్టు. ఏడవలేదు. చేతులు పట్టుకోలేదు. తొమ్మిదో గాటి దగ్గరికెళ్ళి అక్కడి కుర్చీల దొంతర కొంచెం సరిచేసింది.

"మీ ఆఫీసు వాళ్ళు పేపర్లో వేయించారు, చూశాను," అంది అటే తిరిగి. "రెండేళ్ళుగా ఒక్క కేసూ లేదని."

"అవునండీ."

"పదకొండు."

"ఏమిటండీ?"

"పడిపోయిన దూడలు. ఈ సందులోనే. నాకు తెలిసి." ఆవిడ వేళ్ళు మడవలేదు, ఆ లెక్క మనసులో స్థిరంగా ఉన్నట్టుంది. "కొట్టాల వెనకే పాతిపెట్టేశారు. అందరూ ముందు నా దగ్గరికే వస్తారు. ఎంత లోతు తవ్వాలి, సున్నం ఎంత చల్లాలి, చేతులు దేంతో కడుక్కోవాలి. అప్పుడు మీరిచ్చిన కాగితం నా దగ్గరుంది కదా, చదివి చెప్తాను. ఆఖర్న ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతారు, ఫోన్ చెయ్యమంటావా అని. నేను చెయ్యమనను, వద్దనను. ఈ గాట్ల వంక చూసి వాళ్ళే వెళ్ళిపోతారు."

బయట ఎక్కడో బకెట్టు చప్పుడైంది. చెట్లావిడ దగ్గర్లో ఉన్న కుర్చీ మీద కూర్చుంది. పెద్దాయన గోడ మీది ఫ్రేము ఆమె కళ్ళ ముందు కదిలింది. దాని కింద సంతకం ఆయనది గానీ, అందులో ఉన్న నిశ్శబ్దం మాత్రం తను తయారుచేసింది. పద్నాలుగు ఆవులు పోయాయని ఇన్నాళ్ళూ అనుకుంటోంది. లెక్క అక్కడితో ఆగలేదు. ఈ సందు వెనక మట్టిలో పదకొండు చోట్ల సున్నం చల్లి ఉంది. మనుషులకీ ఆ జబ్బు అంటించగల పాలు రోజూ క్యాన్లలో ఊళ్ళోకి వెళ్తున్నాయి.

"ఆఖరిసారి ఎవరు వచ్చారు?" అని అడిగింది.

ఆవిడ పక్క కొట్టం గోడ వైపు చూసింది.

"ఇవాళ పొద్దున. పాలు పితికే వేళకి. రెండేళ్ళలో ఈ గుమ్మం తొక్కలేదు. తొట్టెలో కాళ్ళు ముంచి మరీ వచ్చాడు. ఇంతకీ ఎక్కడ మొదలైందో తెలిసిందా?"

చెట్లావిడ కాగితం మడిచింది.

"తెలిసినంత వరకు తెలిసింది. చెప్పను. వాళ్ళకీ ఎక్కడి నుంచో వచ్చిందే. ఇప్పుడు పేరు చెప్తే ఇంకో ఒకటో నంబరు తయారవుతుంది."

"ఏడాదికి మూడుసార్లు బయటి ఊళ్ళ నుంచి తెచ్చి ఆబోతుని మార్చేవాళ్ళు ఈ సందులో ఎందరున్నారనుకున్నారు?" అంది ఆవిడ. కొంగుకి చెయ్యి తుడుచుకుంది. గోడ వంక ఇంకోసారి చూసింది. ఆవిడ ఇప్పుడు సందు మధ్యలో నిలబడి ఆ పేరు కేకేయవచ్చు. అర్జీ మీద మొదటి సంతకం ఎవరిదో సందంతటికీ గుర్తే. ఆ హక్కు ఆవిడకి ఉంది. దాన్ని కాగితం మీద పెట్టి చేతికిచ్చింది చెట్లావిడే.

ఆవిడ గుమ్మంలో తొట్టె దగ్గరికెళ్ళి, అలవాటు ప్రకారం ఒక కాలు ఎత్తి, నీళ్ళ వంక చూసింది. కాలు ముంచకుండా దాటింది.

"సంచీలో సూదులున్నాయా?"

"ఉన్నాయి."

"రండి."

మీసాలాయన గేటు దగ్గరే ఉన్నాడు. పేరుకి తగ్గ మీసాలు. మనిషి మాత్రం ఈ రెండేళ్ళలో వాటి వెనక సన్నబడ్డాడు. సంచీ చూసి, వెనక్కి ఒక అడుగు వేశాడు.

"ఇదేంటి చెల్లెమ్మా? పొద్దున ఏదో అడిగానని పట్టిస్తావా?"

"అవును అన్నయ్యగారూ."

ఆయన చెయ్యి గేటు గడియ మీదికి వెళ్ళింది.

"ఈవిడ నా పని మీద వచ్చింది. నేనే ఇటు తీసుకొచ్చాను," అంది ఆవిడ. "ఫోన్ చేసే బాధ కూడా తప్పింది మీకు."

"రాగానే ఒకటో నంబరు వేస్తారు నాకు. నాకు తెలియదా? పది ఆవులున్నాయి నాకు. పిల్ల చదువుతోంది."

"నాకు పద్నాలుగు ఉండేవి," అంది ఆవిడ.

ఆయన తల దించుకున్నాడు. చెట్లావిడ సంచీలోంచి ఖాళీ చీటీల కట్ట తీసి చూపించింది.

"ఇవాళ ఎవరికీ నంబరు వెయ్యను. సందంతా తిరుగుతాను, రేపూ తిరుగుతాను. అన్నీ వచ్చాక చీట్లు కలిపి తీస్తాం. ఎవరు ముందు చెప్పారన్నది ఎక్కడా రాయను."

"చీట్లలో కూడా నా అదృష్టం బాగుండి నాకే ఒకటి వస్తే?"

"అప్పుడు అది చీటీ. అంతకుమించి ఏమీ కాదు. వేరు ఎక్కడ పెట్టాలో తెలియకపోతే తెలియదనే రాస్తాను."

ఆయన ఆమెని నమ్మలేదు. నమ్మాల్సిన అవసరం ఏమిటో ఆమెకే తట్టలేదు. ఆయన చూపు మాత్రం కొట్టం ఆవిడ మీద ఉంది. ఆవిడ మొహంలో ఏదో వెతుకుతోంది. ఆ వెతుకుతున్నది దొరికిందో, దొరకలేదో, గేటు గడియ తీశాడు.

దూడని పడేసిన ఆవు కొట్టం చివర గాట్లో ఒంటరిగా ఉంది. చిన్నది, మొదటి చూలు. కొత్త మనుషుల్ని చూసి బెదిరి, పలుపు తెగేలా లాగుతోంది. మీసాలాయన ముట్టెతాడు పట్టుకోబోతే తల విసిరింది. ఇంకోసారి పట్టుకోబోయాడు. ఆవు పక్కకి తిరిగి ఆయన్ని గోడకేసి నెట్టింది. చెట్లావిడ సూది పట్టుకుని నిలబడింది. తల కదలకుండా ఎవరో పట్టుకుంటే తప్ప మెడ నరం దొరకదు.

కొట్టం ఆవిడ నాలుగు అడుగుల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. గచ్చు మీద కనపడని గీత ఏదో ఉన్నట్టు, దాని అవతలే నిలబడింది.

"మేడం," అంది. "నేను ముట్టుకోవచ్చా?"

చెట్లావిడ సంచీలోంచి తొడుగుల జత తీసి ఇచ్చింది. "మీ వల్ల దానికేం కాదు. దాని వల్ల మీకు కాకుండా ఇవి," అంది.

ఆవిడ తొడుగులు వేసుకుంది. వేలు వేలుకీ సరిచేసుకుంది. గీత దాటింది. ముందు మెడ కింద వేళ్ళతో గోకి, తర్వాత చెంప పక్కగా చెయ్యి పోనిచ్చి, ముట్టెతాడు చిన్నగా పట్టుకుని తన భుజానికి ఆనించుకుంది. నోటితో ఏదో చప్పుడు చేసింది, మాట కాదు. ఆవు చెవులు దించింది. పేరు అడగాలని నోటిదాకా వచ్చినట్టుంది ఆవిడకి, అడగలేదు.

చెట్లావిడ నరం మీద బొటనవేలు ఆనించి, సూది దించింది. గొట్టంలోకి రక్తం ఎక్కుతోంది. చీటీ మీద తారీఖు మాత్రం రాసింది.

"అయిపోయింది, వదిలెయ్యొచ్చు," అంది.

ఆవు తల తిప్పి, గరుకు నాలికతో ఆవిడ మోచెయ్యి నాకింది. తొడుగు లేనిచోట. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.